పరార్ధం దాకా

ఇటుకల్ని ఆవులుగా చెయ్యమని అగ్నిహోత్రుణ్ణి అడిగే మంత్రం ఒకటి కృష్ణ యజుర్వేదంలో ఉంది. తైత్తిరీయ సంహిత నాలుగో కాండలో వస్తుంది. అగ్నిచయనంలో ఐదు వరుసలుగా ఇటుకలు పేర్చి, రెక్కలు చాచిన డేగ ఆకారంలో వేదిక కడతారు. ఆ ఇటుకలన్నీ తనకు పాలిచ్చే ఆవులు కావాలని యజమాని కోరుకుంటాడు. ఎన్ని ఆవులు? లెక్కలేనన్ని అని ఒక్క ముక్కలో అడగొచ్చు. అలా అడగడు. ఒకటి అంటాడు, వంద అంటాడు, వెయ్యి అంటాడు. తర్వాత అయుతం, నియుతం, ప్రయుతం, అర్బుదం, న్యర్బుదం, సముద్రం, మధ్యం, అంతం, పరార్ధం. అయుతం అంటే పదివేలు. అక్కణ్ణుంచి మెట్టుకు పదింతలు చొప్పున ఎక్కుతూ పోతే పరార్ధం లక్ష కోట్లవుతుంది.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. మాది కోనసీమ. అగ్నిహోత్రం ఆరకుండా చూసుకున్న ఇళ్ళు మా చుట్టుపక్కల ఉండేవి. వేదం చెవిన పడుతూనే పెరిగాం గాని, ఈ మంత్రంలో ఉన్నది స్థానాల పట్టిక అని నాకు ఉద్యోగంలో చేరాకే తట్టింది. పిల్లలకు ఒకట్లు, పదులు, వందలు అని బోర్డు మీద గీతలు గీసి నేను చెప్పేది, వాళ్ళు యజ్ఞవేదిక ముందు నిలబడి ప్రార్థనగా చెప్పుకున్నారు. అప్పట్నుంచీ ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. అనంతుడని చెప్పుకునే దేవుడి ముందు అంకెలకు పనేమిటి?

ఈ ప్రశ్న నేను కొత్తగా కనిపెట్టింది కాదు. మా అత్తగారు రామకోటి రాసేవారు. వేదాంతం బాగా చదువుకున్న పెద్దాయన ఒకరు మా ఇంటికి వస్తుండేవారు. ఆ పుస్తకం చూసినప్పుడల్లా, "ఎందుకమ్మా ఈ లెక్క? మనసు నిలిస్తే ఒక్క నామం చాలదూ? పైవాడేమన్నా చిట్టా రాసుకుంటున్నాడా?" అనేవారు. అత్తగారు, "మీరు చదువుకున్నవారు, మీకు ఒక్కటి చాలునండీ" అని మళ్ళీ కలం పట్టుకునేవారు. ఆయన మాటలో తప్పు లేదు. లెక్క పెరిగేకొద్దీ భక్తి వ్యాపారం కావచ్చు. ఇన్ని వేలు చేశాను, ఇంకా ఫలం రాలేదేమని అడిగేవాళ్ళను నేనూ చూశాను. అయినా అత్తగారి పక్షమే నాది. ఎందుకో చెప్పాలంటే కొంచెం బియ్యం ముందేసుకుని కూర్చోవాలి.

భద్రాచలం సీతారాముల కల్యాణానికి గోటితో ఒలిచిన తలంబ్రాలు వెళతాయి. మా గోదావరి జిల్లాల్లో, ముఖ్యంగా కోరుకొండ వైపు భక్తులు, దాని కోసమే వడ్లు పండించి, దంచకుండా, మిల్లుకు వెయ్యకుండా, ఒక్కో గింజా గోళ్ళతో పొట్టు తీస్తారు. గోటి తలంబ్రాలు, కోటి తలంబ్రాలు అంటారు. ఒక ఏడాది మా వీధి ఆడవాళ్ళం కూడా తలా కాసిని వడ్లు తెచ్చుకుని వసారాలో కూర్చున్నాం. వడ్లగింజ మొనను బొటనవేలి గోటితో నొక్కితే పొట్టు రెండు చెక్కలుగా విడుతుంది. గట్టిగా నొక్కితే గింజ విరుగుతుంది, విరిగిన గింజ పనికిరాదు. మెల్లగా నొక్కితే విడదు. కాసేపటికి గోటి కింద చర్మం మండుతుంది. మాట్లాడుకోవచ్చు గాని, ఎవరూ ఎక్కువ మాట్లాడరు. పళ్ళెంలో అడుగు కనిపించకుండా అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది.

లెక్కల టీచర్ని కాబట్టి ఊరుకోలేక, స్వర్ణ బియ్యం వెయ్యి గింజలు లెక్కపెట్టి, నగల కొట్లో తూయించాను. పదిహేను గ్రాములకు అటూ ఇటూగా తూగాయి. అంటే లక్ష గింజలు కిలోన్నర. కోటి గింజలు 150 కిలోలు, మా లెక్కలో రెండు బస్తాలు. ఇద్దరు మనుషులు వీపున మోసుకుపోయే బరువు కోటి. అదే యజుర్వేదం చెప్పిన పరార్ధం, లక్ష కోట్ల గింజలు, పదిహేను వేల టన్నులవుతుంది. రెండు లక్షల బస్తాలు, ఐదారు గూడ్సు రైళ్ళ బియ్యం. కోతల కాలంలో డెల్టాలో మిల్లుల ముందు నిలబడ్డవాళ్ళకు అది ఊహకు అందని రాశి కాదు. కంటికి ఆనుతుంది. కాని చేతితో ఒలవడానికి మాత్రం ఏ ఊరివాళ్ళ ఆయుష్షూ చాలదు.

అదే పేరు తర్వాతివాళ్ళ దగ్గర ఇంకా పైకి వెళ్ళింది. భాస్కరాచార్యులు 1150లో రాసిన లీలావతిలో పరార్ధం పద్దెనిమిదో స్థానం. అంటే 1 పక్కన 17 సున్నాలు. బియ్యంగా తూస్తే 150 కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే బియ్యం యాభై కోట్ల టన్నుల పైచిలుకు. దాదాపు మూడేళ్ళు భూమ్మీద ఎవరూ ఒక్క ముద్ద తినకుండా పోగుచేస్తే ఆ పరార్ధం పోగవుతుంది.

ఈ పట్టికలు ఒకదానితో ఒకటి కలవవు. యజుర్వేదంలో అర్బుదం కోటి అయితే, లీలావతిలో పది కోట్లు. ఆర్యభటుడు వృందమంటే వంద కోట్లని చెప్పి అక్కడితో ఆపాడు. రామాయణంలోకి వెళితే వృందం 1 పక్కన 22 సున్నాలు. వేదంలో సముద్రమనే స్థానం వంద కోట్లు, వాల్మీకి దగ్గర అదే సముద్రం 1 పక్కన 52 సున్నాలు. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో గణితసారసంగ్రహంలో 24 స్థానాలు చెప్పాడు, చివరిది మహాక్షోభం. ఆ గ్రంథాన్నే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. జైనుడు సంస్కృతంలో రాసిన గణితం మన భాషలో మొదటి గణిత గ్రంథమైంది. అల్‌బిరూనీ సుమారు 1030లో మన దేశం గురించి రాస్తూ, తక్కిన జాతులన్నీ వెయ్యితో ఆగితే హిందువులు మతకారణాల వల్ల పద్దెనిమిది స్థానాల దాకా పేర్లు పెట్టుకున్నారని గమనించాడు. మన అచ్చ తెలుగు కూడా వేయి దగ్గరే ఆగింది. లక్షా కోటీ సంస్కృతం నుంచి తెచ్చుకున్నవే.

పట్టికలు కలవవని చెబితే కొందరికి కోపం వస్తుంది. ఇంకొందరు ఈ పట్టికలు చూపించి, చూశారా, మనవాళ్ళకు అన్నీ ముందే తెలుసు అని సభల్లో చప్పట్లు కొట్టించుకుంటారు. చమకం పదకొండో అనువాకంలో ఒకటి, మూడు, ఐదు అని ముప్పైమూడు దాకా బేసి సంఖ్యలు, నాలుగు, ఎనిమిది అని నలభైఎనిమిది దాకా నాలుగో ఎక్కం వస్తాయి. వాటిలో అణుశాస్త్రం ఉందని చెప్పినవాళ్ళను కూడా విన్నాను. నాకు ఆ మాటలు బాధ కలిగిస్తాయి. శివుడి ముందు కూర్చుని నాకిది కావాలి, నాకిది కావాలి అని అన్నం దగ్గర్నుంచి అడుగుతూ వచ్చి, చివరికి సంఖ్యల్నే వరంగా అడిగిన మనిషి ఎంత గొప్పవాడో చూడకుండా, అతని చేతిలో మరెవరిదో సిద్ధాంతం పెడుతున్నాం. సంఖ్య కూడా అడగదగ్గ వరమే అని తెలిసినవాడికి వేరే పొగడ్త అక్కర్లేదు.

పేరు ఒక్కటే అయి విలువలు వేరైతే ఏం పోయింది? పేర్లు పెట్టినవాళ్ళ పని దూరం కొలవడం కాదు. అనంతం అన్న మాట నోటికి చాలా సులువుగా వస్తుంది. ఒక్క గింజ ఒలవనివాడు కూడా అనేయగలడు. ఆ సులువును ఒప్పుకోని మనుషులు ఈ పేర్లు పెట్టారని నా నమ్మకం. అంతులేనిదాని దగ్గరికి వెళ్ళాలంటే అడుగులు వేసుకుంటూ వెళ్ళాలి, వేసిన ప్రతి అడుగుకూ పేరుండాలి అని వాళ్ళు పట్టుపట్టారు.

తైత్తిరీయ సంహితలోనే ఏడో కాండలో ఈ పట్టిక మళ్ళీ వస్తుంది, ఈసారి ఆహుతులుగా. అశ్వమేధంలో రాత్రంతా అన్నహోమం చేస్తారు. ఒకటికి స్వాహా, రెండింటికి స్వాహా అంటూ మొదలై వందకు, వెయ్యికి, అలా పరార్ధానికి కూడా ఆహుతి పడుతుంది. పరార్ధం తర్వాత ఇంకో సంఖ్య రాదు. తెల్లవారుజాముకు ఆహుతి ఇస్తారు. తర్వాత వెలుగు విచ్చుకోవడానికి, ఉదయించబోయే సూర్యుడికి, ఉదయిస్తున్నవాడికి, ఉదయించినవాడికి, స్వర్గానికి, లోకానికి, సమస్తానికి. లెక్క ఎక్కడ ఆగాలో వాళ్ళకు తెలుసు. ఆగడానికి ముందు రాత్రంతా మేలుకుని లెక్కపెట్టాలనీ తెలుసు.

శతపథ బ్రాహ్మణం అగ్నిచయనంలో 10,800 ఇటుకల లెక్క చెబుతుంది. ఏడాదికి 360 రోజులు, రోజుకు 30 ముహూర్తాలు. గుణిస్తే 10,800. ఒక్కో ఇటుక పెడుతుంటే నలభైఎనిమిది నిమిషాల కాలం ఒకటి పేర్చినట్టు. 1975లో కేరళలోని పాంజాళ్‌లో నంబూద్రీలు ఈ చయనం చేస్తే చిత్రీకరించారు. అందులో ఇటుక మీద చెయ్యి పెట్టి మంత్రం చెప్పడం చూస్తుంటే నాకు మా అత్తగారి చెయ్యే గుర్తొచ్చింది.

వాల్మీకి యుద్ధకాండలో శుకుడనే వేగులవాడు రావణుడికి వానరసేన ఎంతో చెబుతాడు. వంద లక్షలు కోటి, లక్ష కోట్లు శంకువు, లక్ష శంకువులు మహాశంకువు, అలా మెట్టుకు లక్షరెట్లు చొప్పున వృందం, మహావృందం, పద్మం, మహాపద్మం, ఖర్వం, మహాఖర్వం, సముద్రం, ఓఘం దాటి మహౌఘం దాకా ఎక్కుతాడు. 1 పక్కన 62 సున్నాలు. ఈ భూగోళంలో ఉన్న పరమాణువులన్నీ కలిపినా సున్నాలు యాభై దగ్గర ఆగిపోతాయి. అంతమంది కోతులు లంక ఒడ్డున ఎలా నిలబడ్డారని అడిగే పిల్లవాడు ప్రతి తరగతిలోనూ ఒకడుంటాడు, ఉండాలి కూడా. నేను వాడికి, రాముడి పక్షాన ఉన్నది లెక్కకు మించినది అని చెప్పడానికి వాల్మీకికి లెక్క తప్ప వేరే దారి నచ్చలేదురా అని చెప్పేదాన్ని. వేగులవాడు వచ్చి "చాలామంది ఉన్నారు ప్రభూ" అంటే రావణుడు వినిపించుకోడు. మెట్టు మెట్టుకూ పేరుపెట్టి చెబుతుంటే వినేవాడి గుండె మెట్టు మెట్టుకూ కుంగాలి. రావణుడిది కుంగలేదు. అతని పతనానికి అదీ ఒక కారణమే.

బౌద్ధుల దగ్గర ఈ పేర్లు ఇంకా దూరం పోయాయి. లలితవిస్తరంలో సిద్ధార్థుణ్ణి అర్జునుడనే గణకుడు పరీక్షిస్తాడు. కోటి నుంచి మెట్టుకు వందరెట్లు చొప్పున ఎక్కి, తల్లక్షణమనే పేరు దగ్గరికి, అంటే 53 సున్నాల దాకా వెళ్ళిన తర్వాత, ఆ కుమారుడే వెనక్కి తిరిగి ధూళికణం కన్నా చిన్నదైన పరమాణువు దాకా దిగుతాడు. నాకు అంతకన్నా ఇష్టమైనది గండవ్యూహంలోని పిల్లవాడి కథ. సుధనుడనే వర్తకుడి కొడుకు జ్ఞానం కోసం ఊరూరా గురువుల్ని వెతుక్కుంటూ బయల్దేరతాడు. అతని ఊరు ధాన్యాకరం. అది మన ధాన్యకటకం, అంటే అమరావతేనని పండితుల్లో కొందరి అభిప్రాయం. దారిలో అతనికి ఇంద్రియేశ్వరుడనే పిల్లవాడు దొరుకుతాడు. నది ఒడ్డున వేలమంది పిల్లలతో ఇసకలో ఆడుకుంటుంటాడు. ఎన్నో యోజనాల ఇసక రాశిలో రేణువులెన్నో తాను లెక్కపెట్టగలనని చెప్పి, ఆ లెక్కల పేర్లు వరసగా వల్లిస్తాడు. కోటిని కోటితో గుణిస్తే అయుతం, అయుతాన్ని అయుతంతో గుణిస్తే నియుతం. ఏ మెట్టుకామెట్టు తనను తాను గుణించుకుంటూ పోతుంది. చివరికి మాటల్లో చెప్పలేనిది అనే అర్థం వచ్చే సంఖ్య వస్తుంది, దాని పైన దాన్నే మళ్ళీ గుణిస్తాడు. అంతా చెప్పి, నాకు తెలిసింది ఇంతే, బోధిసత్త్వుల గుణాలు చెప్పడానికి నేనెంతవాణ్ణి, ముందుకెళ్ళి మరొకరిని అడుగు అని సుధనుణ్ణి పంపించేస్తాడు.

ఆ పంపించెయ్యడం చూసి నాకు కళ్ళు చెమర్చాయి. చెప్పలేనిదానికి కూడా పేరుపెట్టి, ఆ పేరును కూడా దాటి, ఇంతే నాకొచ్చింది అనగలిగిన వినయం లెక్క తెలిసినవాడికే వస్తుంది. లెక్కే పెట్టనివాడికి తన తెలివి ఎక్కడ ఆగిందో తెలియదు.

జైనుల సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను, అది విడిగా ఒక పుస్తకానికి సరిపడా విషయం. 84 లక్షల్ని ఇరవైఎనిమిది సార్లు వేసుకుని హెచ్చవేసి కట్టిన శీర్షప్రహేళిక వాళ్ళది. 194 అంకెల సంఖ్య. అది కూడా లెక్కించదగ్గ సంఖ్యల్లోనిదే. దాని పైన లెక్కించరానివి, ఆ పైన అనంతాలు. అనంతంలోనూ తరతమాలు చూశారు.

ఇదంతా పండితుల గోలని అనుకునేవాళ్ళు ఈసారి ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నప్పుడు సంకల్పం శ్రద్ధగా వినాలి. అక్షతలు చేతిలో పెట్టుకుని కూర్చుంటాం. పురోహితుడు మన తరఫున చెప్పేది ఏమిటి? బ్రహ్మ ఆయుష్షులో రెండో సగం, అదే ద్వితీయ పరార్ధం. బ్రహ్మకు నూరేళ్ళంటే మన లెక్కలో 3,11,04,000 కోట్ల ఏళ్ళు. అందులో సగం గడిచిపోయింది. ఆ రెండో సగంలో శ్వేతవరాహ కల్పం. కల్పమంటే 432 కోట్ల ఏళ్ళు, అందులో సుమారు 197 కోట్లు గడిచాయి. అందులో వైవస్వత మన్వంతరం, అందులో కలియుగం, దాని మొదటి పాదం. తర్వాత చోటు: జంబూద్వీపం, భరతవర్షం, మేరువుకు దక్షిణం, శ్రీశైలానికి ఈ దిక్కు, కృష్ణా గోదావరుల నడుమ, మా ఇల్లు. తర్వాత సంవత్సరం పేరు, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం. ఆ తర్వాత గోత్రం, చివరికి నా పేరు. ఉత్తరం మీద చిరునామా తిరగేసి రాసినట్టు, విశ్వమంత పెద్ద దగ్గర మొదలుపెట్టి పీట మీద కూర్చున్న మనిషి దగ్గర ఆపుతారు.

మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. వాళ్ళింట్లో వ్రతానికి వెళ్ళినప్పుడు అక్కడి పురోహితుడు కాలం అంతా మనం చెప్పుకునేట్టే చెప్పి, చోటు దగ్గరికొచ్చేసరికి క్రౌంచద్వీపం, రమణకవర్షం, ఐంద్రఖండం అన్నాడు. కృష్ణా గోదావరులు లేవు, శ్రీశైలం లేదు. కల్పం మాత్రం కదల్లేదు, పరార్ధం కదల్లేదు. సముద్రాలు దాటి వచ్చినా కోట్ల సంవత్సరాల లెక్కలో మనం ఉన్నచోటే ఉన్నామన్న ధైర్యం నాకు ఆ పూట కలిగింది. 432 కోట్ల ఏళ్ళ ముందు నా ఒక్క మంగళవారం ఏపాటిదని తీసిపారెయ్యకుండా, ఈ తిథి, ఈ వారం, ఈ మనిషి అని పేరుపెట్టి పిలిచి మరీ కల్పంలో చోటిచ్చారు. పెద్ద సంఖ్య మనిషిని చిన్నబుచ్చడానికి ఉన్నదని చాలామంది అనుకుంటారు. సంకల్పంలో అది చేసే పని అది కాదు.

సంఖ్యను దేవుడికి ఇచ్చేసే పద్ధతులు మన ఆడవాళ్ళ చేతుల్లోనే ఎక్కువ బతికాయి. లక్షవత్తుల నోము పట్టిన ఇంట్లో నెలల తరబడి దూది ఏకుతారు. పత్తిలో గింజ, నలక తీసేసి, వేళ్ళకు విభూతి అద్దుకుని వత్తి నలిపి, వెయ్యేసి లెక్కన కట్ట కట్టి డబ్బాలో పెడతారు. లక్ష బిల్వార్చన, లక్ష తులసి, కోటి కుంకుమార్చన అన్నీ ఇలాంటివే. గాయత్రీ పురశ్చరణ ఇరవైనాలుగు లక్షలు, అక్షరానికో లక్ష. కాశీలో రామ్ రమాపతి బ్యాంకు అని ఒకటుంది, అక్కడ అప్పిచ్చేదీ జమకట్టించుకునేదీ రామనామమే.

త్యాగరాజస్వామి 96 కోట్ల రామనామం చేశారని సంప్రదాయం చెబుతుంది. రోజుకు లక్షా పాతికవేలు, ఇరవైఒక్క ఏళ్ళు. 96 కోట్లను 1,25,000తో భాగిస్తే 7,680 రోజులొస్తాయి, ఇంచుమించు ఇరవైఒక్క ఏళ్ళు. ఆ లెక్క కుదిరింది. కాని రోజుకు 86,400 సెకండ్లే ఉన్నాయి. నిద్రాహారాలు మానినా సెకనుకు ఒకటి కన్నా ఎక్కువ నామాలు. ఇది ఎలా సాధ్యమని నేను వాదించను. ఊపిరికీ గుండెచప్పుడుకూ నామం అంటుకున్నవాడు లెక్కను దాటే ఉంటాడు. నాకు గొప్పగా తోచేది, అలాంటివాడి గురించి చెప్పుకునేటప్పుడు కూడా మనవాళ్ళు అసంఖ్యాకమని చెప్పి ఊరుకోలేదు. 96 కోట్లన్నారు. సంఖ్య లేకపోతే ఆ మనిషి కూర్చున్న రోజులు, మాసాలు మన కళ్ళకు కట్టవు.

మా అత్తగారి లెక్క మామూలు మనుషుల లెక్క. గళ్ళపుస్తకంలో శ్రీరామ అని ఒక గడిలో రాయడానికి ఆరు సెకండ్లు పట్టేది. నిమిషానికి పది. వెయ్యి రాయాలంటే గంటా నలభై నిమిషాలు. రోజుకు వెయ్యి చొప్పున కోటికి పదివేల రోజులు, ఇరవైఏడేళ్ళ పైమాట. ఆవిడ సంసారంలో రోజూ వెయ్యి కుదిరేవి కావు. పురుళ్ళు, చావులు, తుపాన్లు, కోతలు. ఒక్కో పేజీ చివర పెన్సిలుతో మొత్తం వేసుకునేవారు, పుస్తకం అట్ట లోపల కూడిక. మధ్యలో కూడిక తప్పిందని అనుమానమొస్తే నా చేత సరిచూయించేవారు. "తక్కువైతే చెప్పు, ఎక్కువైతే చెప్పక్కర్లేదు" అనేవారు.

వేదాంతం తెలిసిన ఆ పెద్దాయనకు నేను చెప్పాలనుకున్న జవాబు ఆయనకు బాగా తెలిసిన తైత్తిరీయ ఉపనిషత్తులోనే ఉంది. ఆనందాన్ని లెక్కకట్టిన చోటు. ఒక యువకుడు, మంచివాడు, చదువుకున్నవాడు, దృఢమైన ఒళ్ళున్నవాడు, సిరులతో నిండిన భూమంతా అతనిదే అనుకోండి. అతని ఆనందం ఒకటి. దానికి నూరురెట్లు మనుష్యగంధర్వులది. దానికి నూరురెట్లు దేవగంధర్వులది. పితృదేవతలు, దేవతల్లో మూడు తెగలు, ఇంద్రుడు, బృహస్పతి, ప్రజాపతి, అలా పదిసార్లు నూటితో గుణించుకుంటూ పోతే బ్రహ్మానందం. 1 పక్కన ఇరవై సున్నాలు. మాటలూ మనసూ అందుకోలేక వెనక్కి వచ్చేస్తాయని చెప్పిన ఉపనిషత్తే ఇంత ఓపికగా గుణకారం చేసింది. మనిషి మెట్టు దాటాక ప్రతి మెట్టు దగ్గరా ఒక మాట వదలకుండా చెబుతుంది. వేదం తెలిసి, కోరిక తాకనివాడికి కూడా ఇంతే ఆనందం అని. నూరైనా, నూరునూర్లయినా, ఇరవై సున్నాలైనా, కోరిక తాకనివాడు దానికి సమానం.

పెద్దాయన ఇది చదివి, చూశావా, చివరికి లెక్క అక్కర్లేదుగా అంటారేమో. నాకు అలా తోచదు. ఆ ఒక్క మాటను మొదటి మెట్టు మీదే చెప్పేసి ఉపనిషత్తు ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. పదిసార్లు గుణించి, ప్రతిసారీ చెప్పింది. కోరిక లేకపోవడం ఎంత పెద్దదో వందకు సమానమని ఒకసారి విన్నవాడికి తెలియదు. ఇరవై సున్నాల దాకా నడిచినవాడికి తెలుస్తుంది. మా అత్తగారు రామకోటి మొదలుపెట్టినప్పుడు ఏవో కోరికలతోనే మొదలుపెట్టారు. కొడుక్కి ఉద్యోగం, కూతురికి సంబంధం. ముప్పై లక్షలు దాటాక ఏం కోరుకుంటున్నారని అడిగితే, "కోరడానికి తీరిక లేదే, రాయాలి" అన్నారు. ఆ మాట ఆవిడ చేత అనిపించింది ఉపన్యాసం కాదు, ఆ గళ్ళు.

అరవైరెండు లక్షలు దాటాక ఆవిడ కాలం చేశారు. పన్నెండో రోజు అయ్యాక ఆ పుస్తకాలన్నీ ముందేసుకుని ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. ఉన్నవి ఉన్నట్టు భద్రాచలం పంపేద్దామని మా వారు అన్నారు. రాసినంత పుణ్యం ఆవిడకు దక్కింది, కోటి పూర్తికాలేదని రాముడు అడగడు అన్నారు. నిజమే, అడగడు. మా చిన్నాడపడుచు ఒప్పుకోలేదు. "వదినా, మిగిలిన ముప్పైఎనిమిది లక్షలు మనం పంచుకుందాం. అమ్మ పేరు మీద కోటి కోటే కావాలి" అంది. నాకు అదే సరైనదనిపించింది. ఎనిమిది మందిమి, తలా రోజుకు వంద అనుకున్నాం. ఎనిమిది వందల చొప్పున 4,750 రోజులు, పదమూడేళ్ళు. ఒకళ్ళు రాజమండ్రిలో, ఇద్దరు హైదరాబాదులో, మా అబ్బాయీ కోడలూ డాలస్‌లో. నెలకోసారి అందరూ లెక్క నాకు పంపిస్తారు, నేను కూడి అత్తగారి పుస్తకం అట్ట లోపలే వేస్తాను.

మొన్న వేసవి సెలవులకు మనవడు వచ్చాడు. పదకొండేళ్ళవాడు. నేను కూడిక వేస్తుంటే పక్కన చేరి, "నానమ్మా, ఒకసారి టైప్ చేసి కాపీ పేస్ట్ కొడితే కోటి ఒక్క నిమిషంలో అయిపోతుంది కదా, పదమూడేళ్ళెందుకు?" అన్నాడు. మంచి ప్రశ్న. అవుతుందిరా అన్నాను. అయితే ముందు ఒక్క పేజీ చేత్తో రాసి రా, తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం అని గళ్ళపుస్తకం చేతికిచ్చాను. వాడి తెలుగు అక్షరాలు ఇంకా వంకర. శ్రీ రాయడానికే తంటాలు పడ్డాడు. నూట ఎనిమిది గళ్ళు నింపడానికి ముప్పావుగంట పైనే పట్టింది. తెచ్చి చూపించి, "ముప్పై దగ్గర బాగా బోర్ కొట్టింది నానమ్మా. అరవై తర్వాత కొట్టలేదు. ఎందుకలా?" అని అడిగాడు. నాకూ అలాగే అవుతుందని, తాతమ్మకూ అయ్యేదని చెప్పాను. పేజీ అడుగున పెన్సిలుతో 108 వేసి, ఆ నెల కూడికలో కలిపాను.